ఒగ్గీ

లేని చెయ్యి నొప్పెడుతోందంటే
మొదట పైడి కూడా నవ్వింది.
తర్వాత నవ్వలేదు.

హార్బర్‌లో వించి తాడుతో పాటే పోయింది ఎడమ చెయ్యి.
మోచేతి కింద ఏమీ లేదు.
అయినా ఆ ఖాళీలోనే
పిడికిలి బిగుసుకుని ఉంది,
గోళ్ళు అరచేతిలో దిగబడి.
రాత్రి రెండున్నరకి, బోట్లు కదిలే వేళకి, మరీ.

పేటలో తలో మాట.
"ఆ సెయ్యి ఏడ పూడ్సినారో కనుక్కో.
ఏళ్ళు ముడుసుకుండిపోయుంటాయి,
తవ్వి సాపాల" అంది బోడెమ్మత్త.
పెద్దాసుపత్రిలో ఎవర్నని అడుగుతాం?
మాత్రలిచ్చారు. నాకు మత్తొచ్చింది,
పిడికిలికి రాలేదు.

ఫిజియోథెరపీ గదిలో జరీనా మేడం
బల్ల మీద అద్దం నిలబెట్టింది.
మొండిచెయ్యి అద్దం వెనక, కుడిచెయ్యి ముందు.
"అద్దంలోకే చూడు. రెండూ మూసి, రెండూ తెరువు."
చూశాను. ఎవరిదో చెయ్యి.
నా ఎడమ చేతికైతే మణికట్టు పైన
పెళ్ళయిన ఏడు జాతరలో పొడిపించుకున్న
పచ్చబొట్టుండాలి, రెండక్షరాలు.
పరాయి చెయ్యి చెప్తే
నా పిడికిలి ఎందుకు వింటుంది?

ఆ సాయంత్రం
రొయ్యల షెడ్డు నుంచి వచ్చి, చేతులు కడుక్కుని,
బాల్ పెన్ను తీసింది పైడి.
సంతకం తప్ప రాయడం రాదు దానికి.
కాగితం మీద తన పేరు రాసి,
తిరగేసి, ట్యూబులైటుకి ఎత్తి పట్టి,
ఆ ఎదురక్షరాల్ని చూసి చూసి
నా కుడిచేతి మీద దించింది,
నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుని.
ఓసారి తప్పు పోయి, ఉమ్మితో చెరిపి, మళ్ళీ.

సెలూన్ అప్పన్న దగ్గర అడిగి తెచ్చిన అద్దం,
కింద మూల రసం ఊడింది.
అందులో నా ఎడమ చెయ్యి.
పైడి, అని తిన్నగా చదువుకోవచ్చు.

బిగించాను.
అప్పుడు తెలిసింది గుప్పిట్లో ఏముందో.
తాడు.
ఏడు నెలలుగా పట్టుకునే ఉన్నాను,
వదిలితే వల పోతుందని.

"ఒగ్గీ" అంది పైడి,
అద్దంలో ఉన్నవాడితో, నాతో కాదు.
చిటికెన వేలు లేచింది ముందు.
ఆ తర్వాత ఉంగరం వేలు.
బొటనవేలు మాత్రం ఇంకా మొండికేస్తోంది.
కొన్ని రాత్రులు రెండున్నరకి అన్నీ మళ్ళీ ముడుచుకుంటాయి.

రోజూ పావుగంట చెయ్యమంది మేడం.
స్నానంలో పేరు చెరిగిపోతుంది.
సాయంత్రం పైడి మళ్ళీ రాస్తుంది.
ఇప్పుడు కాగితం అక్కర్లేదు,
తన పేరు
అటునుంచే వచ్చేసింది దానికి.