గవిని గోడకు ఇనుప మూర

ఉప్పు బళ్ళు వచ్చే దారి గనక
దాని పేరు ఉప్పు గవిని.
సముద్రం ఇక్కడికి రెండు రోజుల దూరం.
అయినా ఆ రాళ్ళు ఉప్పగా ఉంటాయని
ఊళ్ళో మేకలన్నిటికీ తెలుసు.

ఎడమ స్తంభంలో, మనిషి రొమ్మెత్తున,
ఒక ఇనుప కడ్డీ.
అది ఊరి మూర.
తలుపులు తీసే డెట్‌మార్
పొద్దున్నే ముందు దాని మీది మంచు తుడిచేవాడట,
తర్వాతే తన ముక్కు.

నార బట్ట తెచ్చినవాళ్ళు
దానికి ఆనించి చూపించాలి.
సరిపోతే సీసపు ముద్ర.
చాలకపోతే...
గెషే సంగతి చెబుతాను.

మొగుణ్ణి నది తీసుకుపోయింది. ముగ్గురు పిల్లలు.
చలికాలమంతా నేసిన తాను
పదహారు మూరలని ఆమె,
పదిహేనున్నర అని ఇనుము.
"మా అమ్మ కర్రతో కొలిచాను" అంది.
"మీ అమ్మ కర్రకి ఊరి ముద్ర ఉందా?"
గుమాస్తా ఈ మాట పుస్తకంలో కూడా రాసుకున్నాడు,
బాగా అన్నాననుకుని.
తానుని మూడు ముక్కలు కోసి
గవిని మేకుకి వేలాడదీశారు.
ఆమెని బయటికి పంపి తలుపు వేశారు.
ఆ కింద పద్దు: కీళ్ళకి కొవ్వు, రెండు పెన్నీలు.
ఆ పేజీలో సిరా అలుక్కుపోయింది.
వాన పడి ఉంటుంది.

తర్వాత చాలా జరిగింది.
మహమ్మారి ఏడు గవినిని ఇటుకలతో మూసి
రొట్టెలు బుట్టల్లో పైకి లాగారు.
ఫిరంగి గుండొకటి కప్పులో సగం తీసుకుపోయింది.
ఒక పెళ్ళిబృందం గంట కొట్టాక వచ్చి
రాత్రంతా కందకం ఒడ్డునే చిందులేసింది.
రైలొచ్చాక గోడంతా పడగొట్టారు.
పై గదిలో టోపీలు కుట్టే ముసలాయన
ఖాళీ చెయ్యనని మొండికేస్తే
గవినిని మాత్రం ఆ ఏటికి వదిలేశారు.
ఆ ఏడు ఇంకా అయిపోలేదు.

మొన్న చైత్రపు ఎండలాంటి ఒక ఎండ పూట
రాతిపని చేసే వీబ్‌కే
తుప్పు గీకడానికి కడ్డీ ఊడదీసింది.
వెనక రాతిలో రెండు గాట్లు,
కడ్డీ కంటే పాతవి.
అసలు మూర.
ఇనుము దాన్ని దాటి
బొటనవేలి వెడల్పు ముందుకి పోయింది.
వీబ్‌కే తన బొటనవేలు పెట్టి చూసింది.
సరిగ్గా పట్టింది.
ఏ కమ్మరి చెయ్యి జారిందో,
ఏ బట్టల వర్తకుడు వాడి చేతిలో ఏం పెట్టాడో.

దస్త్రాల గది నాది, అందుకే నన్ను పిలిచింది.
రొట్టెల రసీదు వెనక లెక్క వేశాను.
రెండోసారీ వేశాను.

కడ్డీని మళ్ళీ అక్కడే బిగించింది.
పురావస్తువు, మార్చకూడదని నియమం.
పుస్తకంలోనూ ఏమీ రాయకూడదు.
ఇరవై ఆరేళ్ళుగా ఆ మాట
నేనే అందరికీ చెబుతున్నాను.

గెషే పేరు పక్కన, మార్జిన్‌లో,
పెన్సిల్‌తో, చిన్నగా:
పదహారు.