సున్న జారిన చోట

థాయ్ బిన్‌లో అది పంది సంవత్సరం.
ఈ ఏడు పుట్టిన బిడ్డకు తిండికి లోటుండదని
సంతలో గులాబిరంగు పంది బొమ్మలు అమ్మారు.

మూడో నెలలో
ముయ్ ఇంట్లో చూలుపంది చెవులు నీలమయ్యాయి.
ముందు అంచులు,
నేరేడుపళ్ళు తిన్న పిల్లాడి పెదాల్లా,
మర్నాటికి మొదలంటా.
అరటిబోదె తరిగి తవుడు కలిపినా,
సారా కాచే ఇంటినుంచి మడ్డి తెచ్చి పోసినా
తొట్టివైపు మూతి తిప్పలేదు.
నెలలు నిండకుండానే ఈనింది.
పది.
పదీ మైనంతో చేసినట్టు.
ఒకటి మాత్రం కాసేపు కాళ్ళాడించింది,
ముయ్ పాత చొక్కా వెతికి తెచ్చేలోపు
అదీ మానేసింది.

కమ్యూన్ పశువైద్యుడు క్వీ
ముక్కుకు గుడ్డ కట్టుకుని వంగి చూశాడు.
"పాత జబ్బేనక్కా. ఇదివరకు ఇంతగా చంపేది కాదు."
"మరి దానికేమొచ్చింది?"
ఊరొదిలిపోయి
మనిషే మారి తిరిగొచ్చిన చుట్టం గురించి అడిగినట్టు
అడిగింది.
అతను జవాబు చెప్పకుండా
గొట్టంలో రక్తం పట్టి, ఐసుడబ్బాలో దించి,
సైకిల్ ట్యూబుతో బండికి కట్టుకుని వెళ్ళాడు.

హనోయ్‌లో, రాత్రి పదకొండింటికి
దియెప్ (పేరుకు ఆకు అని అర్థం)
తెర మీద వైరస్‌ని చదువుతోంది.
నాలుగే అక్షరాలు.
గుణింతం లేదు, ఒత్తుల్లేవు,
ఊపిరి పీల్చుకోవడానికి ఒక చుక్కైనా లేదు,
పదిహేను వేల అక్షరాల ఒకే వాక్యం.
పైన పాత ప్రతి. కింద ముయ్ పంది ప్రతి.
ఇక్కడో అక్షరం మారింది, పరవాలేదు, అర్థం అదే.
ఇక్కడ ఇంకోటి, చొక్కా గుండీ మార్చుకుంది,
ఒంట్లో కాపలావాళ్ళు ఇక ఆనవాలు పట్టరు.
ఇక్కడ

ఇక్కడ ఏమీ లేదు.
మూడక్షరాల చిల్లు.
కాస్త దూరం పోయాక ఎనభై ఏడు అక్షరాల చిల్లు.
చెదలు తిన్న తాటాకు.
లెక్కపెట్టింది. టీ చల్లారింది. మళ్ళీ లెక్కపెట్టింది.

కక్ష ఉందా అంటే లేదు.
దిద్దుకోవడం రాని రాయసగాడు ఒకడు
దీపం లేని గదిలో రాస్తూనే ఉన్నాడు,
ప్రతి ప్రతికీ ఏదో ఒక పొరపాటు.
నూటికి తొంభై చిత్తుకాగితాలు.
ఎప్పుడో ఒక్కటి మాత్రం
తాళంలో సరిగ్గా తిరిగే తప్పు.

నా లిపిలోనూ ఇంతే చిన్నదిది:
పందిలో సున్న జారితే
పది.

ఇరవై రోజులకి కాగితం వచ్చింది.
అప్పటికి గొయ్యి తవ్వడం, పూడ్చడం అయిపోయాయి.
సున్నకు మరో సున్న తగిలిస్తే సున్నం,
దాన్ని బస్తాలకొద్దీ కుమ్మరించారు.
వాన పడితే పెరడంతా పాలు విరిగినట్టుంది.

"తొంభై అక్షరాలు పోయాయట" అన్నాడు క్వీ,
అది చెప్పినా అర్థం కాదనే గొంతుతో.
ముయ్ నవ్వింది, ఆ నెలలో మొదటిసారి.
"నా పేరు మీద గీత వాలుగా ఉండాలి.
గుమాస్తా అలలా వంకరగా గీశాడు.
ఆరేళ్ళు సర్కారు లెక్కల్లో నేను ముక్కుని.
బియ్యం కూడా ముక్కు పేరుతోనే ఇచ్చారు.
ఒక్క గీత, తమ్ముడూ. నాకు తెలీదా?"

ఏడాది తిరిగాక
సంతలో ఒక పందిపిల్లను ఎత్తి
చెవిని ఎండకు అడ్డంగా పట్టింది.
పల్చటి గులాబి, లోపల సన్నని నాళాలు,
ఎవరో ఏదో రాసిపెట్టినట్టే.
చాలాసేపు చూసింది.
చదవడం రాలేదు.

కిందకి దించి,
పదివేల డాంగులు తగ్గించమని
బేరం మొదలుపెట్టింది.