విడుపు

తోర్గాయ్ మైదానంలో ఆ ఉదయం
ఉమ్మితే నేల తాకేలోగా గట్టిపడేంత చలి.
గడ్డివాము మూడు కిలోమీటర్ల అవతల,
పదకొండు ఆవులు ఇవతల,
నడుమ మోకాటి లోతు మంచు.
కొట్టంలో చైను ట్రాక్టరు,
నాకంటే ఇరవై ఏళ్లు పెద్దది,
నాకంటే మొండిది.

దానికి రెండు ఇంజన్లు.
పెద్దది డీజిలుది, తట్టి లేపితే గాని లేవదు.
చిన్నది పెట్రోలుది,
తాడు చుట్టి లాగితే కుక్కపిల్లలా మొరిగి
తన బుల్లి పళ్లచక్రాన్ని ముందుకు తోసి
పెద్ద చక్రం పళ్లలో పళ్లు కలిపి తిప్పుతుంది.
పెద్దది లేచిందా,
బుల్లి చక్రం ఆ క్షణమే వెనక్కి తప్పుకోవాలి.
లేకపోతే ఆ వేగానికి ముక్కలైపోతుంది.

నిన్న సాయంత్రం పెద్దది ఒక్కసారి దగ్గి పడుకుంది.
చిన్నది తప్పుకోలేదు.
సగం లోపల, సగం బయట,
పాత గ్రీజు మైనంలా బిగిసి
రాత్రంతా ఉడుంపట్టు.
లివరు ఇటు రాదు, అటు పోదు.

"సుత్తి ఇయ్యి" అన్నాడు గోత్లీబ్ తాత.
ఇవ్వలేదు.
ఇనుము మీద కోపం చూపిస్తే
ఇనుముకేం కాదు, మనకే ఖర్చు అని
నా పన్నెండో ఏట చెప్పింది ఆయనే.
అది గుర్తు చేస్తే
చెవుల టోపీ కిందికి లాక్కుని
వినపడనట్టు నిలబడ్డాడు.

అల్దియార్ బకెట్టులో పిడకల నిప్పు తెచ్చాడు.
ఇంజను కడుపు కింద పెట్టాం.
పొగకి ముగ్గురమూ ఏడ్చాం,
ట్రాక్టరు మాత్రం ఏడవలేదు.
చాలాసేపటికి
ఒక్క నల్లటి చుక్క జారింది గ్రీజు.
కిరసనాయిలు పోశాను, ఆగాను,
మళ్లీ పోశాను.
మూత విప్పబోతే
స్పానరుకి ఒక కొస నా చేతిలో,
ఒక కొస తాత చేతిలో.
ఆయన వేళ్లు వణుకుతున్నాయి,
పట్టు మాత్రం వణకడం లేదు.
"వదులు తాతా."
"నువ్వు ఎడమకి తిప్పుతావు."
"ఎడమకే తిప్పాలి."
కాసేపు లెక్క చూసుకున్నాడు.
వదిలాడు.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు
అవి రెండూ కాసేపు గాలిలోనే ఉన్నాయి.

టార్చి వెలుగులో చూశాను.
ఒక పన్ను కొస మడతపడి
పక్క పంటి భుజం కరుచుకుంది.
గుంజితే ఇంకా బిగుస్తుంది.
అప్పటిదాకా మేమంతా బయటికే గుంజుతున్నాం.
గడ్డపార కొస పెద్ద చక్రం పళ్లకి ఆనించి
బరువంతా వేసి
వెనక్కి నెట్టాను,
వెంట్రుకవాసి.

టిక్.

అంతే.
రాత్రంతా కాచుకున్న పోట్లాటకి
గోరు విరిచినంత చప్పుడు.
బుల్లి చక్రం గాడి మీద జారి
తన గూట్లోకి తను వెళ్లిపోయింది.

వంగిన పంటిని ఆకురాయితో అరగదీశాను,
బ్లేడు మీద పిండి రాలినట్టు
మంచు మీద ఇనుపరజను.
తాడు చుట్టాను. మొదటి లాగుకి ఏమీ లేదు.
రెండో లాగుకి నా భుజం పట్టేసింది.
నాలుగోదానికి కుక్కపిల్ల మొరిగింది.
లివరు నెమ్మదిగా ఒత్తాను.
కింద ఎక్కడో పెద్దది ఆవులించి, తిట్టి,
నల్లటి పొగతో కప్పు నింపేసి
లేచి కూచుంది.

ఆ హోరులో నేను వెతికింది
ఇంకొక్క చిన్న చప్పుడు కోసం.
తాత కూడా.
టోపీ చెవి పైకెత్తి పట్టుకున్నాడు,
కుడి చెవి, కాస్తో కూస్తో వినపడేది.

"తప్పుకుందా?" అని అరిచాడు.
"తప్పుకుంది!"

తల ఊపాడు.
నేను సీటెక్కేసరికి
బకెట్టులో నిప్పు మీద మంచు పోసి ఆర్పి,
సుత్తి తీసి మేకుకి తగిలించి,
తలుపు వైపు నడుస్తున్నాడు.
"ఎక్కడికి తాతా?"
"నాకిక్కడేం పని?
నువ్వు వస్తున్నావని
ఆవులకి చెప్పొస్తా."