చెక్కుబందీ

లాయరు అరవై దినార్లడిగినాడు.
అరవై దినార్లంటే నాకు పదహైదు దినాల వంట.
నేనే రాసుకుంటానులే అన్నాను.

జాబ్రియాలో ఆ ఇంట్లో అందరూ పడుకున్నాక
వంటగదిలో, ఫ్రిజ్జు మోత పక్కన,
రొట్టెలు చేసే బల్ల తుడిచి కాగితం పరిచినాను.
నూకరత్నం ఫోన్లో పంపిన నమూనా ఒకటుంది,
ఎవరిదో, పేరు కొట్టేసి పంపింది.

దూదేకుల దస్తగిరమ్మ,
భర్త కీర్తిశేషులు హుసేనప్ప,
వయస్సు నలభై మూడు, వృత్తి...
అక్కడ కలం ఆగింది.
వీసాలో ఖాదిమా అని ఉంటుంది.
నేను వంట అని రాసినాను.

మా పెద్దమ్మ కూతురు కాశింబీకి
నా తరపున
కొనుటకు, అమ్ముటకు, తాకట్టు పెట్టుటకు,
బాడుగకిచ్చుటకు, తదితర సమస్త వ్యవహారములు
నడుపుటకు
అని ఉంది నమూనాలో.

తదితర నాకు బాగా తెలుసు.
తాకట్టుకు మాత్రమే వదినా అని
మరిది ఏలిముద్ర ఏయించుకున్న కాగితంలో
కడాన ఒక మూల నక్కి ఉండింది.
నా మూడు సెంట్లు ఆ మాట కిందనే పోయినాయి.
ఆ తర్వాతనే నేను అక్షరాలు నేర్చుకునింది.

అమ్ముటకు, కొట్టేసినాను.
తాకట్టు, కొట్టేసినాను.
తదితర మీద కలం రెండు సార్లు పోయి
కాగితం చిల్లి పడింది.
మళ్లీ కొత్త కాగితం.
కొనుటకు మాత్రమే.

జాగాకు చెక్కుబందీ రాసినాను:
తూర్పు ఇరవై అడుగుల దోవ,
దక్షిణం జాఫర్‌వల్లీ గారి ఖాళీ స్థలం,
పడమర టమేటా మండీ గోడ,
ఉత్తరం వంక.
నేనింకా చూడలేదు దాన్ని.
నాలుగు సెంట్ల మట్టి ఎంతుంటుందో
ఈ ఇంటి కారు షెడ్డుతో కొలిచి చూసుకున్నాను.

అప్పుడు తోచింది,
ఇచ్చే పవరుకు కూడా హద్దులుండాల గదా.
ఒక పక్క, ఒక్క రిజిస్ట్రాఫీసు.
ఒక పక్క, ఒక్క సంతకం.
ఇంకో పక్క, నాలుగు లక్షల ఇరవై వేలు, రూపాయి దాటకూడదు.
మిగిలిన పక్క ఆరు నెల్లు.
ఆ తర్వాత ఇది చిత్తు కాగితం.

నన్నే నమ్మవా అక్కా అని ఫోన్లో కాశింబీ.
నమ్మబట్టే నీ పేరు రాసినాను పాపా.
కంచె మేసిన చేను ఒకటి చూసినదాన్ని,
అందుకని ఇంతిత్తు గట్టు ఏస్తండా, అంతే.

ఎంబసీలో అసలు పాస్‌పోర్టు చూపాలంట.
అది బాబా లాకర్లో ఉంది.
అడిగితే, లేష్? అన్నాడు.
ఎందుకో చెప్పినాను. రెండు దినాలు ఆలోచించి ఇచ్చినాడు.

ఆ రెండు దినాలు అంట్లు తోముతా ఎతుక్కున్నాను.
నా పాస్‌పోర్టు, నా ఫోను, వాకిటి తాళం,
శుక్రవారం ఆ రెండు గంటలు,
అన్నీ ఆయప్ప చేతిలోనే నాలుగేండ్లుగా.
ఆ పవరు ఏ కాగితమ్మీద రాసిచ్చినానో
ఎంతకీ గుర్తుకు రాలేదు.
సాక్షులు లేరు. గడువు లేదు. చెక్కుబందీ లేదు.
అంతా తదితరే.

నూకరత్నం ఒక సాక్షి,
వ్యాను తోలే ఓబయ్య ఒక సాక్షి.
కౌంటర్లో ఆయన అద్దాలు పైకి జరిపి
ఎవరు రాసింది? అన్నాడు.
నేనే సార్.
మాత్రమే అని ఐదు చోట్ల ఉందమ్మా.
ఉండనీ సార్.
ముద్ర పడిన చప్పుడు బల్లలోంచి నా మోచేతికి తెలిసింది.

ఇంటికొచ్చేటప్పటికి వాకిట్లోనే నిలబడి
బాబా చెయ్యి చాపినాడు.
పాస్‌పోర్టు సంచిలో ఇంకా ఎండ ఏడికి ఎచ్చగా ఉంది.
ఎన్ని దినాలకు? అని అడిగినాను.
ఆయన ముఖం చూసినాక తెలిసింది
తెలుగులో అడిగినానని.
మళ్లీ అరబ్బీలో అడిగినాను.