రీడింగ్

ముసారాంబాగ్‌లో ఖాళీ చేసి పోయిన ఇంటి ముందు
మీటర్ బాక్స్ మీద కూర్చునుంది.
తాళం మీద దుమ్ము. గడపలో పాత చెప్పు ఒకటి.
మిషన్‌లో ‘డోర్ లాక్’ అని కొట్టి
రెండిళ్ళు నడిచి, వెనక్కొచ్చాను.
బిల్లుల సంచీలో వేసుకుంటే కిక్కురుమనలేదు.

పసుప్పచ్చ ఒళ్ళు, వీపు మీద ఆవాలు చిట్లినట్టు నల్ల చుక్కలు.
సుగుణ చూడగానే ‘పులిహోర’ అంది.
ఆ పేరే ఉండిపోయింది.

పొట్ట పెరుగుతుంటే పాలు ఒంటబట్టాయనుకున్నా.
సుగుణ గాంధీలో కాన్పుల వార్డు ఆయా.
ఒక చెయ్యి పొట్ట కింద పెట్టి, గోడకేసి చూసి
‘మూడో నాలుగో’ అంది, కూరగాయల తూకం చెప్పినట్టు.
‘ఎదురొస్తేనే పని చెడుతుంది, ఇంట్లోనే పెట్టుకున్నరా’
అని మెట్ల మీద నిలదీసిన ఓనరమ్మ
సాయంత్రం పాత చీర ఒకటి పంపింది, పరవడానికి.

శనివారం రాత్రి సుగుణకు డ్యూటీ.
నాకు పులిహోర.

పొద్దుటి నుంచీ మెతుకు ముట్టలేదు.
బీరువా వెనక, బియ్యం డబ్బా పక్కన, నా దుప్పట్లో,
ఇల్లంతా కొలిచి కొలిచి
చివరికి కూలర్ అట్టపెట్టెలోకి దిగింది.
డొక్కలు మడతపడి విచ్చుకుంటున్నాయి.
అవతలికి జరిగితే అరుస్తుంది.
దగ్గరికొస్తే ముఖం తిప్పుకుంటుంది.

నాకు తెలిసిన పని ఒకటే, రీడింగ్ రాసుకోవడం.
పాత బిల్లు వెనక రాశాను.
పదకొండూ నలభై. తడి తిత్తిలో చుంచెలుకంత. నల్లది.
తనే చించింది, తనే బొడ్డు కొరికింది, మాయ కూడా తినేసింది.
పన్నెండూ ఇరవై. పసుపుది.
ఒంటిగంట. ఏమీ లేదు.
ఒంటిగంటా నలభై. ఏమీ లేదు, రొప్పు తప్ప.

నారాయణగూడ పశువుల ఆస్పత్రి పొద్దున గాని తెరవరు.
సుగుణకి ఆరుసార్లు చేశాను.
ఏడోసారి ఎత్తింది. వెనకాల ఎవరిదో కేక,
ఇంకెవరో ‘ముక్కమ్మా, ముక్కు’ అంటున్నారు.
‘ఏం చెయ్యను?’
‘ఏం చెయ్యకు. చూస్తుండు. వచ్చినాక కదలకపోతే రుద్దు.
గట్టిగా. గిన్నె తోమినట్టు.’
పెట్టేసింది.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి,
మా నాయనమ్మ అంటుండేది.
నేనెప్పుడు ఒప్పుకున్నానో గుర్తు రాలేదు.

రెండూ ఐదుకి కరెంటు పోయింది.
తిడదామంటే మా డిపార్ట్‌మెంటే.
సెల్లు లైటు నోట కరుచుకుని వంగాను.
మూడోది వెనక కాళ్ళతో వచ్చింది,
తిత్తి పగలకుండా.
పులిహోర తలెత్తి చూసి, మళ్ళీ వాల్చేసింది.
వేల మీటర్ల అద్దాలు తుడిచిన గోరుతో
ఆ పొరను గిల్లాను.
గోరువెచ్చని నీళ్ళు మణికట్టు దాకా.
తువ్వాలు కొసతో రుద్దాను, గిన్నె తోమినట్టు.
ఎంతసేపో రాసుకోలేదు.
చేతులు రెండూ ఖాళీ లేవు.

తుమ్మింది.
అంతే. చీమ తుమ్మినంత.
కరెంటు అప్పుడేం రాలేదు, ఇంకో గంటకు వచ్చింది.

నాలుగోది పుట్టింది గాని రాలేదు.
దాన్నీ రుద్దాను. దాన్నీ గిన్నె తోమినట్టే.
తల్లి కూడా చాలాసేపు నాకి
మిగతా మూడిటి వైపు తిరిగింది.
నేను తిరగలేకపోయాను.
అగ్గిపెట్టె కన్నా పెద్దదేం కాదు.
తెల్లారకముందే డాబా మీది కరివేపాకు కుండీలో మట్టి తోడాను.
బిల్లు వెనక దానికి ఏం రాయాలో తెలీక
టైము వేసి వదిలేశాను.

ఏడున్నరకి సుగుణ వచ్చింది, ఫినాయిల్ వాసనతో.
చెప్పులు విప్పకుండానే పెట్టెలోకి వంగింది.
‘రాత్రి మాకు పదకొండు’ అంది.
‘మాకు మూడు’ అన్నా.
నా గోళ్ళలో మట్టి చూసింది. అడగలేదు.
మా టీ కన్నా ముందు
బాలింతకు చేప తల ఉడకబెట్టింది.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు.
సోమవారం పొద్దున చూస్తే
మొదటి ఇల్లు నా బిల్లుల సంచీ.
మూడూ అందులో, ఒకదాని మీద ఒకటి,
కళ్ళు ఇంకా డోర్ లాక్.
మిషన్ను పాల కవర్లో చుట్టుకుని
డ్యూటీకి పోయాను.