ఊపిరికొమ్మ

మా ఊళ్లో ఈ కాయ పేరు 'బెంగళూరు'.
ఇక్కడ, యలహంకలో, గిణిమూతి.
చౌడప్ప మాత్రం చెట్టుని "ముసల్ది" అన్నాడు
రంపానికి ఆకురాయి పెడుతూ.

నరికిన మోళ్లకి నీలిమందు పూశాడు.
నీడ పోయిందని
పక్కింటి పుట్టతాయమ్మ మాటలు మానేసింది.

శ్రావణానికి మోళ్ల నిండా ఎర్రచిగుళ్లు.
నూజివీడు నుంచి తడిగుడ్డ చుట్టుకుని
టికెట్టు లేకుండా దిగాయి చిన్నరసం పుల్లలు.
చీల్చాడు, చెక్కి దూర్చాడు,
పాలకవరు పీలికతో బిగించాడు.

పదకొండింట్లో నాలుగు ఎండాయి.

తూర్పున ఒక్క కొమ్మని ముట్టలేదు.
"ఊపిరికొమ్మ సామీ.
అంతా కొత్తదైతే
ఎవురికి నీళ్లు తోడాల్నో వేరుకి తెలీదు."

ఈ ఏడు అతుకులింకా పూతకి రాలేదు.
ఊపిరికొమ్మకి ఒకే కాయ, వంకరముక్కుది.
ముక్కలు కోసి, ఉప్పూ కారం అద్ది
పక్కింటికి పంపాను.

గిన్నె ఇంకా తిరిగి రాలేదు.