గురువారం నాలుగింటికి

జాబితా, నది అడుగు మట్టి దాచే ఫ్రిజ్ తలుపు మీద ఉంటుంది.
పెన్సిలుతోనే రాస్తాను.
పెన్నుతో రాసిన ఏడాది
కాగితం నిండా కొట్టివేతలే మిగిలాయి.

వారానికి ఒక్కరు, ఒక పేపరు చదివి చెప్పాలి.
మిగతా పదకొండు మంది వినాలి,
కనీసం వింటున్న ముఖం పెట్టుకుని కూర్చోవాలి.
ఈ మాత్రానికి
అప్పు వసూలుకొచ్చిన వాడిలా
బల్ల బల్లకీ తిరుగుతాను నేను.

రోసెండోకి సరిగ్గా ఆ గురువారమే పడవ దొరుకుతుంది.
ఎడువీహిస్ పంటినొప్పికి
నా క్యాలెండరు నాకంటే బాగా తెలుసు.
"ఇంకో వారం ఇవ్వవా" అంటారు,
వారాలు నా జేబులో చిల్లర అయినట్టు.

అప్పుడు రాయెన్ పేరు జరుపుతాను.
ఏప్రిల్ నుంచి మేకి, మే నుంచి జూన్‌కి.
"సరే" అంటుంది. అంతకు మించి ఏమీ అనదు.
కాదనలేని మనిషి వంతు
ఎప్పుడూ వెనకబడే ఉంటుందని
జాబితాలు రాసేవాళ్లకి తెలుసు. తెలిసే రాస్తాం.
రబ్బరు రుద్ది రుద్ది ఆ గడిలో కాగితం పలచబడి
వెనకున్న ఫ్రిజ్ తెలుపు కనిపించేది.

జూలైలో ఇక జరపడానికి చోటు లేక
ఆమె వంతు వచ్చింది.

వల్దీవియాలో ఆ రోజు వాన
ఆకాశానికి చిల్లు పడ్డట్టు.
మూడున్నరకి కరెంటు పోయింది. ప్రొజెక్టరు కన్ను మూసింది.
వాయిదా వేద్దామా అని నోరు తెరిచాను,
అలవాటు కదా.
ఆమె అప్పటికే మట్టి గొట్టాన్ని ఎత్తుకొచ్చి
పసిపిల్లని పడుకోబెట్టినట్టు బల్ల మీద పెట్టింది.

ఎంచుకున్న పేపరు ప్రొఫెసర్ ఓయార్సూన్‌ది.
ఇరవై రెండేళ్ల కిందటిది, ఆయనకి పేరు తెచ్చింది.
మా ల్యాబులో దాన్ని అందరూ ఉదహరిస్తారు,
ఎవరూ చదివి చెప్పరు,
పెళ్లిలో పెద్దాయన వయసు అడగనట్టే.

ఫోన్ల వెలుతురులో గొట్టం మీద వేలు నడిపింది.
ఇది అరవైలో భూకంపం వచ్చినప్పుడు సముద్రం తెచ్చిన ఇసుక.
ఇక్కడితో నేల కుంగింది, నీళ్లు నిలిచాయి. ఇంతవరకూ సరే.
"దీని కింద కూడా చిత్తడే అంటోంది మూడో బొమ్మ."
వేలు ఒక నల్లటి చార దగ్గర ఆగింది,
వేలి మందం కూడా లేదు.
"ఇది నాగటి చాలు.
మా అమ్మమ్మ ఇక్కడ బంగాళాదుంపలు తవ్వింది."

ఎవరూ మాట్లాడలేదు.
కింద చేపల బజారు దగ్గర సముద్రసింహం ఒకటి
మా అందరి తరఫునా గట్టిగా దగ్గింది.

ఓయార్సూన్ కళ్లద్దాలు తీసి, తుడిచి,
పెట్టుకోకుండానే గొట్టం మీదికి వంగాడు.
చాలాసేపు వంగే ఉన్నాడు.
ఆయన చొక్కా కాలరు వెనక చిరుగు ఉందని
ఆరేళ్లలో మొదటిసారి చూశాను.
"ఆ పొలం ఎవరిదని నేను అడగలేదు," అన్నాడు చివరికి,
"పడవవాడు తొందరపెడుతున్నాడు ఆ రోజు."
రోసెండో తన బూట్లు చూసుకున్నాడు.

తర్వాత నా చెవి మీది పెన్సిలు తీసుకుని
ఫ్రిజ్ దాకా వెళ్లి
వచ్చే గురువారం గడిలో తన పేరు రాసుకున్నాడు,
పక్కన చిన్నగా: మూడో బొమ్మ, మళ్లీ.

ఆ గడి రోసెండోది.
మర్నాడు పొద్దున్నే వచ్చి నా మీద ఎగిరాడు,
ఈసారి నిజంగానే తయారయ్యాడట, పడవ కూడా వద్దన్నాడట.
ఏం చెప్పను. ఇంకో వారం ఇచ్చాను.

రాయెన్ పేరు వచ్చే ఏడాది మొదటి గడిలో
పెన్నుతో రాశాను.
సాయంత్రం ఆమె ఫ్రిజ్ ముందు నిలబడి చూసి
"ఇంటిపేరులో ఒక అక్షరం పోయింది" అంది.

కొట్టేసి, మళ్లీ రాశాను.